ఇంటి గుట్టా, ఇంటి రోగమా?

మన సంఘపు పెద్దల యెదుటికి మజూరి తగాదాలు వచ్చుచున్నవి, నూలు ఫిర్యాదులు వచ్చుచున్నవి. అన్నిటిని విని తీర్పు చెప్పుచున్నాము. ఆడవారిపై చెయ్యి చేసుకొనుట గూర్చిన మాట వచ్చినప్పుడు మాత్రము “అది ఇంటి గుట్టు” అని లేచిపోవుచున్నాము. ఇది తగదని మా అభిప్రాయము.

పేదరికము, తాగుడు దీనికి కారణములని చాలమంది అందురు. అవి నిప్పు రాజేయునన్నది నిజమే. అయితే మజూరి కోసిన షావుకారు యెదుట మన సోదరుడు ఎంత కోపము వచ్చినను చేతులు కట్టుకొనియే నిలుచును. ఇల్లు చేరగానే ఆ చెయ్యి లేచును. ఎక్కడ అడుగువారు లేరో దానికి తెలియును. ఆ ధైర్యము కల్లు ఇచ్చినది కాదు, మనము ఇచ్చినది.

ఆ మాట ఆడవారి మనస్సులలో సైతము నాటుకొన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణమునకు భర్త కొట్టుట న్యాయమేనన్న స్త్రీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో నూటికి 83 మందికి పైగా నున్నారు. కర్ణాటకలో సుమారు 77 మంది. అత్తమామలను గౌరవింపకపోవుట ఎక్కువమంది చెప్పిన కారణము. మనము ఊళ్లు మారితిమి గాని ఈ మాటలను మూటగట్టి వెంట తెచ్చుకొంటిమి.

2019-20 చేనేత గణన ప్రకారము దేశములోని చేనేత పనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఇంటి మగ్గము వద్ద ఆసు పోయునది, కండెలు చుట్టునది ఆమెయే. మజూరి పద్దు మాత్రము తరచు మగవాని పేరనే యుండును. పనికి వెల కట్టనిచోట మనిషికి విలువ యుండునా? షోలాపూరునకో, భివండికో కోడలిగా వచ్చిన పిల్లకు మరాఠీ రాదు, పుట్టిల్లు దూరము. ఆమెకు దిక్కు మన కులపెద్దలే. వారు “సర్దుకొమ్మా” అని వెనుకకు పంపిన, ఆమె ఎక్కడికి పోవలెను?

చట్టములు లేకపోలేదు. కట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. భార్యను హింసించుట 1983లో ప్రత్యేక నేరమైనది. గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము ఆమెను ఇంటినుండి గెంటరాదు; ఆమె సొమ్మును, నగలను అట్టిపెట్టుకొనుటయు హింసయే.

కావున సంఘములకు మా సూచనలు ఇవి. ఆసుకు, కండెలకు విడిగా మజూరి కట్టి ఆమె ఖాతాలోనే వేయవలెను. ఇట్టి తగాదాలు వినునప్పుడు పెద్దలలో స్త్రీలుండవలెను. అత్తవారు లేనిచోట ఆమె మాట వినవలెను. ఆమె 181కి ఫోను చేసినను, పోలీసులకు చెప్పుకొన్నను కులము పరువు పోయినదని అడ్డుపడరాదు.

ఇల్లు గుట్టు, రోగము రట్టు అన్నారు మన పెద్దలు. దెబ్బలు తినుట ఇల్లు కాదు, రోగము. రోగమును దాచువాడు ఇంటికి మేలు చేయువాడు కాడు.