కోలారు గుట్టల్లో మనుషుల లెక్కేది?

కోలారు బంగారు గనుల పాత మట్టిగుట్టలను మళ్లీ తవ్వేందుకు కేంద్రం పెట్టిన ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సరేనన్నది. సయనైడ్‌తో బంగారం పిండుకొని పారబోసిన పిప్పి ఆ గుట్టలు. అందులో మిగిలిన బంగారానికి లెక్కలు తీస్తున్నారు. ఆ రాయిని మూడు కిలోమీటర్ల లోతునుంచి పైకి తెచ్చిన మనుషుల లెక్క ఎవరు తీస్తారు?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలోనూ బంగారం ఒడిసింది, గుంతలు మిగిలినయి. వాళ్లు ఆ గుంతల మధ్య కాలిబాట వేసుకున్నారు. బల్లారట్ దగ్గరి బునిన్యాంగ్ కొండ నుంచి బెండిగో దాకా 210 కిలోమీటర్లు. దాని పేరు గోల్డ్‌ఫీల్డ్స్ ట్రాక్.

ఆ నేల చరిత్ర మన పాఠకులు తప్పక తెలుసుకోవాలి. విక్టోరియా 1851 జులై 1న న్యూసౌత్‌వేల్స్ నుంచి విడిపోయి వేరు రాజ్యమైంది. వెంటనే బంగారం బయటపడింది. వేరుపడ్డంత మాత్రాన తవ్వేటోడికి సుఖం రాలేదు. సొంత సర్కారే లైసెన్సు పెట్టింది. మొదట్లో నెలకు 30 షిల్లింగులు, బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. బల్లారట్ కార్మికులు లైసెన్సులు తగలబెట్టారు. 1854 డిసెంబర్ 3 తెల్లవారుజామున యురేకా దగ్గర వాళ్ల మీద సైన్యం పడి 20 మందికి పైగా చంపింది. మరుసటి ఏడు ఆ లైసెన్సు రద్దయింది, ఓటు హక్కు వచ్చింది.

ఇక్కడితో ఆపితే తెల్లవాళ్ల కథే అవుతుంది. అదే 1855లో చైనీయుల మీద తలకు 10 పౌండ్ల పన్ను వేశారు. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు పక్క రాజ్యంలోని రోబ్ రేవులో దిగి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వచ్చారు. మనల్నడిగితే అసలు బంగారు బాట అదీ. ఇక ఆ నేల తొలి హక్కుదారులైన జాజా వురంగ్ ప్రజలు ఆ ప్రాంతాన్ని ‘తలకిందులైన నేల’ అంటారు. 2013 ఒప్పందం తర్వాతే బెండిగో అడవి లాంటి చోట్ల నిర్వహణలో వాళ్లకు వాటా దక్కింది. ఎంత ఆలస్యం!

కోలారుకు ఈ చరిత్ర తక్కువా? 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్వించింది. దిగింది తమిళ, తెలుగు కూలీలు, అందులో ఎక్కువమంది దళితులు. 1930లో వేలిముద్రలు తీసుకుంటామంటే సమ్మె కట్టి నిలబడ్డారు. 800 టన్నులకు పైగా బంగారం పోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ బిడ్డలు ఇవాళ పనికోసం తెల్లారకముందే బెంగళూరు రైలెక్కుతున్నారు.

కాలిబాట కూడు పెడుతుందా అంటారు. పెట్టదు. అది బకాయిలకు, ఇండ్ల పట్టాలకు, గాలికి లేచే సయనైడ్ దుమ్ముకు జవాబు కాదు. అవి విడిగా తేల్చాల్సిందే. కానీ గుట్టలు కరిగిపోతే చూపించడానికి కూడా ఏం మిగలదు. కార్మికుల లైన్లు, షాఫ్టుల మీది ఇనుప గోపురాలు, ఒకటి రెండు గుట్టలు ఉన్నచోటే ఉంచాలి. వాటి మధ్య బాట వేయాలి. దారి చూపే కొలువు గనిలో దిగిన ముసలివాళ్లకు, వాళ్ల పిల్లలకు ఇవ్వాలి. ఏ రిసార్టు కంపెనీకో కట్టబెడితే ఊరుకునేది లేదు. బోర్డులు కన్నడంతో పాటు తమిళంలో, తెలుగులో రాయాలి.