నా బండి, నా ఇష్టం?

మా పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి కొత్త బండ్లు పూజకొస్తాయి. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మాత్రం నాన్నగారి పాత జీపుంది. ఊరెళ్ళినప్పుడల్లా దాంతోనే నా కుస్తీ.

నిరుడు ముచ్చటపడి వెడల్పాటి టైర్లు వేశా. చూడ్డానికి అదిరింది. తీరా ఊరవతల మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి టైరెళ్ళి మడ్‌గార్డుకి పట్టేసింది. బండి కాలవ గట్టు మీద ఆగింది. పక్కనున్న నాన్నగారు ఒకటే అడిగారు: "ఏరా, మీ ఆఫీసులో కూడా ఇంతేనా? టెస్టు చెయ్యకుండానే పంపేస్తారా?" నోరు మూసుకుని పాత టైర్లే బిగించా.

కాబట్టి 'నా బండి నా ఇష్టం' అనను. కానీ చట్టంతోనూ నాకో పేచీ ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదంటుంది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. దివ్యాంగులకీ, సీఎన్‌జీ కిట్లకీ మాత్రం దారుంది.

బ్రిటన్‌లో ఇంట్లో కట్టుకున్న కారునైనా విడిగా తనిఖీ చేసి రోడ్డెక్కనిస్తారు. మనవాళ్ళకి పనితనం లేకనా? తుక్కుతో వింతకార్లు చేసిన సుధాకర్ గారి మ్యూజియం 2010లో హైదరాబాదులోనే తెరిచారు కదా!

రివ్యూ లేని కోడ్‌ని మనం ప్రొడక్షన్‌కి పంపం. అలాగని అసలు కోడే రాయొద్దనమూ అనం. బండ్లకీ అలాంటి రివ్యూ ఒకటి పెట్టమంటున్నా, అంతే. మీరేమంటారు?