సరిహద్దు దగ్గర ఆపేసిన పుస్తకాలు

కార్యకర్తలు ఏం చదవాలని ఎవరైనా అడిగితే, మనం చట్టాల మీదా హింస మీదా వచ్చిన పుస్తకాలే చెబుతాం. ఈసారి నేను నవలలు చదవమంటున్నాను, అవీ కెనడా నుంచి వచ్చిన క్వీర్ నవలలు. అంత దూరదేశపు కథలు మనకెందుకు అనే ప్రశ్న సహజమే.

జేన్ రూల్ 'డెజర్ట్ ఆఫ్ ద హార్ట్' 1964లో వెలువడింది. అప్పటికి కెనడాలో స్వలింగ సంబంధాలు నేరం. 1969లో గానీ చట్టం కొంతైనా సడలలేదు. విడాకుల కోసం వచ్చిన ఒక ప్రొఫెసరు, జూదశాలలో పనిచేసే ఒక యువతి ప్రేమించుకుంటారు. ఇలాంటి స్త్రీలకు చావో, పెళ్లో తప్ప మరో ముగింపు దొరకని కాలంలో, వీళ్లు కలిసి బతకాలనుకుంటారు.

'ఇదంతా పాశ్చాత్యం' అనేవారు శ్యామ్ సెల్వదురై 'ఫన్నీ బాయ్' (1994) చదవాలి. కొలంబోలో ఒక తమిళ పిల్లవాడు ఆడపిల్లలతో పెళ్లికూతురాట ఆడుకుంటాడు. పెద్దలు వాణ్ణి మగపిల్లల క్రికెట్‌లోకి తోస్తారు. 1983 అల్లర్లలో ఆ ఇల్లే కాలిపోతుంది. మగతనాన్ని నేర్పే కుటుంబాన్నీ, జాతి విద్వేషాన్నీ విడదీసి చూడలేమని అర్థమవుతుంది. షాని మూటూ 'సీరియస్ బ్లూమ్స్ ఎట్ నైట్' (1996) కరీబియన్ దీవికి కూలీలుగా వెళ్లిన భారతీయుల సంతతి కథ. భార్య మరో స్త్రీతో వెళ్లిపోయాక తండ్రి కూతుళ్లపై అత్యాచారం చేస్తాడు. ఊరికి తెలుసు, కానీ నోరు మెదపదు. ఈ మౌనం మనకు కొత్తదా?

ఈ పుస్తకాల వెనక మరో కథ ఉంది. 1992లో బట్లర్ కేసులో కెనడా సుప్రీంకోర్టు అశ్లీలతను హాని కోణం నుంచి నిర్వచించింది. స్త్రీవాదులు చాలామంది హర్షించారు. ఆ ఏడాదే టొరంటోలోని గ్లాడ్ డే దుకాణంపై ఒక లెస్బియన్ పత్రిక అమ్మినందుకు కేసు పెట్టారు. వాంకూవర్‌లోని లిటిల్ సిస్టర్స్ దుకాణానికి వచ్చే పుస్తకాలను కస్టమ్స్ వాళ్లు ఏళ్ల తరబడి సరిహద్దులోనే ఆపారు. జేన్ రూల్ కోర్టులో సాక్ష్యం చెప్పారు. కస్టమ్స్ వివక్ష చూపిందని సుప్రీంకోర్టు 2000లో ఒప్పుకుంది గానీ, చట్టాన్ని చాలావరకు అలాగే ఉంచింది. అశ్లీలతపై పోరాడిన మనం ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. నిషేధించే అధికారాన్ని రాజ్యం చేతికిస్తే, అది ముందు ఎవరి మీద పడుతుందో ఇక్కడ కనబడుతోంది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను సడలించింది. ఇష్టపూర్వక సంబంధం ఇక నేరం కాదు. అయితే కూతురు స్నేహితురాలితో వెళ్లిపోతే తల్లిదండ్రులు చేసే బలవంతాన్ని ఆ తీర్పు ఒక్కటే ఆపలేదు. అలాంటి అమ్మాయి మన కౌన్సెలింగ్ కేంద్రానికి వస్తే, 'సర్దుకుపోమ్మా' అంటామా? అంటే, ఏ కుటుంబ హింసను ఎదిరిస్తున్నామో దానికే కొమ్ముకాసినట్టు.

ఈ నవలలు పరిష్కారాలు చెప్పవు. ఎదుటి మనిషిని 'కేసు'గా కాక మనిషిగా వినే ఓపికనిస్తాయి. ఇంగ్లీషు చదవగలవారు చదివి, ఆ కథలను మీ సమావేశాల్లో తెలుగులో చెప్పండి. వాదించుకుందాం, విభేదిద్దాం. మౌనంగా మాత్రం ఉండవద్దు.