ఎకరానికి ఎన్ని లీటర్లు?

కొమ్మమూరు కాలువ శివారున కౌళ్లు పట్టి సేద్యంలోకి దిగిన మా పిల్లలకు,

డీజిలు రేటు చూసి మీరు దిగులు పడటంలో తప్పేమీ లేదు. కౌలు ముందే కట్టి, ట్రాక్టరును గంటల లెక్కన పిలిచి, కాలువ నీళ్లు ఇంజనుతో ఎత్తిపోసుకునేవాడికే ఆ దెబ్బ ముందు తగులుతుంది. బోరున్న రైతుకు ఉచిత కరెంటుంది, మన శివారుకు ఆ ఆసరా లేదు. 2014 అక్టోబరులో కేంద్రం డీజిలు ధరను మార్కెట్టుకు వదిలేసింది. 2021లో లీటరు వంద దాటింది. ఆ నవంబరులో ఎక్సైజు పన్ను పది రూపాయలు తగ్గించాక కొంత దిగింది గానీ, పాత ధరలు మళ్లీ రాలేదు. పన్ను ఇంకా తగ్గించమని అడగండి, అడగాల్సిందే. అది తగ్గేదాకా దుక్కి ఆపలేం కాబట్టి మన చేతిలో ఉన్నదాని గురించి ఈ ఉత్తరం.

ఈ సీజను నుంచి ఒక పుస్తకం పెట్టండి. ఏ చేలో ఏ పనికి ఎన్ని లీటర్లు పోశారో రాయండి. రెండు పంటలు రాస్తే, డబ్బు ఎక్కువగా పోతున్నది లీటరు ధరలోనా, ట్రాక్టరు చేలో తిరిగిన సాళ్లలోనా అన్నది మీకే తెలుస్తుంది. చేను మైదాపిండిలా అయ్యేదాకా రోటావేటరు తిప్పించడం ఇప్పుడొక అలవాటైంది. వరికి అంత అక్కర్లేదు. ఏటా అదే లోతులో తిప్పితే అడుగున గట్టి పొర కట్టి, తర్వాత వేసే అపరాల వేళ్లు కిందికి దిగవు. డీజిలూ పోయి, పంటా తగ్గుతుంది.

మెరక చేలల్లో వరిని వెదజల్లి చూడండి. దమ్ము, నారుమడి, నాట్లు మూడూ తప్పుతాయి. కలుపు మాత్రం గట్టిగా వస్తుంది, మొదటి నెల చేను వదలకూడదు. తొలి వానకే మునిగే పల్లపు మడిలో ఈ పని పెట్టుకోకండి, విత్తనం కుళ్లిపోతుంది.

రెండో పంటకైతే మన డెల్టా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుము చల్లి, ఆ పదునుతోనే పంట తీసిన నేల ఇది. ఒక్క సాలు దుక్కి లేదు. కోత మిషన్లు వచ్చాక వాటి చక్రాల కింద మొలక నలిగి ఆ పద్ధతి దెబ్బతింది. దాని చోట, వరి కోశాక దున్నకుండానే గుంట చేసి మొక్కజొన్న గింజ వేయడం మన వాళ్లు పట్టుకున్నారు. నాకది గొప్ప తెలివిగా కనిపిస్తుంది. నీళ్లు, ఎరువు ఎక్కువ అడుగుతుంది, ఆ ఖర్చు కూడా పుస్తకంలోకి ఎక్కించండి.

ఇంజను సంగతి. నీళ్లు పడాల్సింది బోదెలో అయితే, డెలివరీ పైపును నిలువెత్తు లేపి పోయించడం ఎందుకు? ఆ ఎత్తంతా డీజిలే మోస్తుంది. వంపులు తగ్గించండి, సన్న పైపు తీసేసి లావు పైపు వేయండి, ఫుట్‌వాల్వు మూసుకుపోకుండా చూసుకోండి. ట్రాక్టరున్నవాళ్లు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించండి, తేలిక పనికి పై గేరు వేసి యాక్సిలరేటరు తగ్గించండి. నల్లపొగ వస్తోందంటే కాలకుండా పోతున్న డీజిలది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీరంతా కలిసి చేయాల్సిన పని. మీ మడులు పక్కపక్కనే ఉన్నా, ఒకరు సోమవారం, ఇంకొకరు గురువారం ట్రాక్టరు పిలుస్తారు. రానూ పోనూ తిరుగుడు ఖర్చు అద్దెలో కలిసి మీ మీదే పడుతుంది. కాలువకు నీళ్లు వదిలే లోపే కూర్చుని, ఏ గట్టు కింద ఎవరి చేలున్నాయో చూసి, ఒకే రోజు దమ్ముకు, ఒకే రోజు కోతకు ఒప్పుకోండి. అద్దె గంటకా ఎకరానికా అన్నదీ అందరూ కలిసే మాట్లాడండి. మడుల పటం గీసిపెట్టే పని నాకు వదలండి. ఏ చేను మెరకో ఏది పల్లమో నాకు తెలుసు. ఆదివారం పొద్దున ఇంటికి రండి.

మీ పెద్దయ్య