మెట్ల కింద చిన్న బేసిన్



ఈ వారం మన మందిరం మెట్ల కింద ఉన్న మరుగుదొడ్డి గురించి రాస్తున్నాం. నవ్వుకున్నా పర్వాలేదు. కమిటీలో మూడు నెలలు నలిగిన సంగతి ఇది. ఇంకా కొందరి మనసుల్లో నలుగుతూనే ఉందని మాకు తెలుసు.

వేరే ఊళ్లలో ఉండి ఇది చదివేవాళ్ల కోసం కాస్త వివరం. మందిరం కింద, మేము ఉండే గదులు పైన. మెట్ల కింద జాగా వృథా పోకూడదని కట్టినప్పుడే అక్కడ ఒక మరుగుదొడ్డి పెట్టారు. వెడల్పు మూడడుగులు, పొడవు నాలుగున్నర. వెనక మెట్లు కిందికి దిగుతూ వస్తాయి కనుక పొడుగు మనిషి లేచి నిలబడితే తల తగులుతుంది. మోకాళ్ల నొప్పులవాళ్ల కోసం నాలుగేళ్ల కిందట కమోడ్ పెట్టించాక ఉన్న జాగా ఇంకా తగ్గింది. కమోడ్, ఒక కుళాయి, దాని కింద బకెట్, మగ్గు. అంతే.

చేతులు? మందిరం ముందున్న బోరు కుళాయి దగ్గరికి రావాలి.

లోపల బకెట్ ఉంది కదా, ఆ మగ్గుతోనే కడుక్కోవచ్చు కదా అని పెద్దలొకరు అడిగారు. ఆ మగ్గు దేనికి వాడతామో ఆయనకూ తెలుసు. ఆ చేత్తోనే మగ్గు పట్టుకుని, వంగి, కొంగు తడవకుండా ఇంకో చేత్తో ఎత్తిపట్టుకుని, సబ్బు ఏ చేత్తో రుద్దుకోవాలి? ఎప్పుడైనా చీర కట్టుకుని ఆ గదిలో ప్రయత్నించి చూడండి అని మా ఇంటావిడ అనేసరికి కమిటీ అంతా నవ్వింది. ఆ పెద్దాయన కూడా నవ్వారు. నవ్వేసి, స్పీకర్ బాక్సుల లెక్కకు వెళ్లిపోయారు.

మా సంగతి ఒప్పుకోవాలి. ఇదంతా మేమేదో ముందే కనిపెట్టి చెప్పింది కాదు. పైన మా ఇంట్లో అద్దంతో సహా బేసిన్ ఉంది, వంటింట్లో సింక్ ఉంది. పదకొండేళ్లుగా ఆరాధనకు ముందు పైన చేతులు కడుక్కుని, కిందికి దిగి, ఆ చేతులతో రొట్టె విరిచి మీకు ఇస్తున్నాం. మీరు ఆ రొట్టె ఏ చేతులతో అందుకుంటున్నారో, ఆ చేతులు కడుక్కోవడానికి ఎక్కడికి పోతున్నారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అయ్యగారూ, పైకి వచ్చి కడుక్కోవచ్చా అని మీలో ఎవరూ అడగలేదు. మేమూ రమ్మనలేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. మెట్లు ఎక్కలేదు కనుక కింద సండే స్కూల్ గదిలో మంచం వేశాం. ఆదివారం పొద్దున్నే గ్లాసు నీళ్లు ఇస్తే వద్దంది. మధ్యాహ్నం మళ్లీ ఇస్తే, సాయంత్రం తాగుతాలే అంది. మాత్రలు వేసుకోవాలి కదమ్మా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది: "నీళ్లు తాగితే లోపలికి పోవాలి నాయనా. పోయొస్తే చేతులు కడుక్కోడానికి అంతమంది మగవాళ్ల మధ్యలోకి కర్ర పట్టుకుని పోవాలి. నేనొక్కదాన్నే అనుకుంటున్నావా? శనివారం రాత్రి నుంచి గొంతు తడుపుకోకుండా వచ్చేవాళ్లు మీ సంఘంలో చాలామంది ఉన్నారు."

మా ఇంటావిడను అడిగితే, ఎప్పుడో చెప్పాను కదా అన్నారు. చెప్పే ఉంటారు. పొలాలకు పోయే ఆడవాళ్లు ఎండలో కూడా నీళ్లు తగ్గించి తాగుతారు, మూత్రంలో మంట వస్తుంది, మాత్రలు మింగి మళ్లీ పనికి పోతారు. అది మనందరికీ తెలిసిన సంగతే. మన మందిరానికి వచ్చి కూడా అదే పని చేస్తున్నారన్నది మాత్రం మాకు తెలియలేదు. అది తెలిసిన రోజు సాయంత్రం ఆరాధనలో మా నోట మాట సరిగా రాలేదు.

కమిటీలో వచ్చిన అడ్డాల్లో గట్టిది వాక్యంలో నుంచే వచ్చింది. చేతులు కడుక్కోకుండా భోజనం చేసిన శిష్యుల పక్షాన ప్రభువే మాట్లాడాడు కదా, మార్కు 7వ అధ్యాయం చూడండి అయ్యగారూ, అన్నారు. చూశాం. అక్కడ పేచీ మురికి గురించి వచ్చింది కాదు. పెద్దల పారంపర్యాచారాన్ని తూకంరాయిగా పెట్టి మనుషులను తూచడం గురించి వచ్చింది. చేతులకు నీళ్లు అందకుండా చేయడానికి ఆ అధ్యాయాన్ని వాడితే, మనమూ ఆ తూకమే వేస్తున్నట్టు. అదే పెద్దాయనను మేము నిర్గమకాండం 30 చదవమని అడిగాం. ప్రత్యక్షపు గుడారానికి, బలిపీఠానికి మధ్య దేవుడు పెట్టమన్నది ఇత్తడి గంగాళం. యాజకులు చేతులు, కాళ్లు కడుక్కున్నాకే సేవకు రావాలి. 38వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది, ఎన్నోసార్లు చదివి దాటిపోయాం: ఆ గంగాళాన్ని గుడారం ద్వారం దగ్గర సేవ చేసిన స్త్రీల అద్దాలతో చేశారు.

స్పీకర్లు వద్దని మేము అనడం లేదు. పాతవి గరగరలాడుతున్నాయి, నిజమే. ముందు ఏది అన్నదే మా మాట. డబ్బు మాత్రం స్త్రీల సమాజం పిడికెడు బియ్యం పెట్టెలో నుంచి వచ్చింది. నాలుగు వేలు దాటకూడదని వాళ్లే గీత గీశారు.

ఇక పని. సెమినరీలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు గాని మురుగు పైపు వాలు నేర్పలేదు. అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలట. మామూలు బేసిన్ 18 అంగుళాల వెడల్పు ఉంటుంది, అది పెడితే మనిషి పట్టడు. 14 అంగుళాల వెడల్పు, గోడ నుంచి 11 అంగుళాలు ముందుకు వచ్చేది 850 రూపాయలకు దొరికింది. కొనకముందు ఆ కొలతకు అట్టముక్క కత్తిరించి గోడకు టేపుతో అంటించి ఒక ఆదివారం అలాగే వదిలేశాం. ఇరుకు గదిలో ఏం పెట్టాలనుకున్నా ఇలా చేసి చూడండి, ఖర్చు లేదు. మధ్యాహ్నానికి అట్ట నలిగి చిరిగిపోయి ఉంది. కమోడ్ పక్కన పెడితే లేచే ప్రతి ఒక్కరి భుజం తగులుతోంది. రెండో ఆదివారం తలుపు పక్క మూలకు మార్చాం. అట్ట చెక్కుచెదరలేదు గాని తలుపు దానికి తగులుతోంది. వడ్రంగిని పిలిచి, లోపలికి తెరుచుకునే తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించాం. అసలు ఆ తలుపు మొదటి నుంచీ అలా ఉండాల్సింది. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును తోయడం ఎలా?

నీళ్లకు కొత్త లైను వేయలేదు. బకెట్ మీద ఉన్న కుళాయి పైపుకే ఒక టీ వేసి, యాంగిల్ కాక్ పెట్టి, సన్న కనెక్షన్ పైపుతో బేసిన్‌కు ఎక్కించాం. వాడిన నీళ్లను సెప్టిక్ ట్యాంకులో కలుపుదామన్నాడు ప్లంబరు. గోడకు అవతలే అరటి చెట్లు ఉన్నాయి, వాటికే వదిలాం. పైపు చివర జాలీ కట్టాం, లేకపోతే బొద్దింకలు ఆ దారినే లోపలికి వస్తాయి. స్టీలు కుళాయి వద్దన్నాం. మన బోరు నీళ్లకు ఏడాది తిరక్కముందే తెల్లటి పెట్టు కట్టి బిగుసుకుపోతుంది. ప్లాస్టిక్‌దైతే చౌక, చెడిపోయినా మార్చుకోవచ్చు. ఎత్తు దగ్గర కాస్త వాదన జరిగింది. 32 అంగుళాలు పద్ధతి అన్నాడు ప్లంబరు. నడుం వంగిన అవ్వలు, సండే స్కూల్ పిల్లలు వాడాలి కదా అని 29కి దించమన్నాం.

ఇక్కడ మా తప్పు ఒకటి ఉంది. క్రిస్మస్‌కి ముందే అయిపోవాలని తొందరపెట్టాం. అది నాలుగున్నర అంగుళాల గోడ. ఇనప బ్రాకెట్లు ఇటుకలోకి దింపి సిమెంటు ఆరేదాకా ఆగాలన్నాడు ఆ అబ్బాయి. వద్దు, స్క్రూలతో కానివ్వమన్నాం. బ్రాకెట్ల ఖరీదు 150 రూపాయలు. రెండో ఆదివారం ఒక పిల్లవాడు అద్దంలో మొహం చూసుకోవాలని రెండు చేతులూ ఆనించి ఎగిరాడు. స్క్రూలు ప్లాస్టరింగుతో సహా ఊడొచ్చాయి. పింగాణీ పగిలితే కత్తిలాంటిది. వాడి పాదానికి జానెడు దూరంలో పడింది. వాడి తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

రెండో బేసిన్ ఖర్చు సమాజం మీద వేయలేదు, మేము పెట్టుకున్నాం. ఈసారి బ్రాకెట్లు దింపి, రెండు రోజులు తడిపి, ఆరనిచ్చి, మేమే రెండు చేతులూ ఆనించి బరువంతా వేసి చూశాం. కదల్లేదు. కూలి, వడ్రంగి, పైపులు, అద్దంతో కలిపి మొదటి లెక్క 3,620 రూపాయలు అయింది. పగిలినదాని బదులు కొన్నదీ బ్రాకెట్లూ కలిపి ఇంకో వెయ్యి.

దాత పేరు రాయించి బేసిన్ మీద పాలరాతి ముక్క పెడదామని ఒకరు ఫోన్ చేశారు. వద్దన్నాం. బల్లలకు, ఫ్యాన్లకు, గంటకు పేర్లు ఉన్నాయి, చాలు. పిడికెడు బియ్యం వేసిన వాళ్లందరి పేర్లూ చెక్కాలంటే రాయికి ఆ గోడ సరిపోదు.

బోరు కుళాయి దగ్గర ఆదివారం ఇప్పుడు మగవాళ్లే ఉంటున్నారు. మొన్న ప్రేమవిందులో వడ్డించడానికి వచ్చిన అక్కలు ఒకరి వెనక ఒకరు మెట్ల కిందికి వెళ్లి చేతులు తుడుచుకుంటూ రావడం చూశాం. మా అమ్మ ఇప్పుడు నీళ్లు తాగుతోంది. రెండు గ్లాసులు తాగి, మూడోది మాత్రం ఇంకా వాదించే తాగుతుంది.

సబ్బు ప్రతి వారం మాయమవుతోంది. ఎవరు తీసుకెళ్తున్నారో మేము వెతకడం లేదు. ఇంట్లో సబ్బు లేకే తీసుకెళ్తున్నారేమో. ఇంకోటి పెడుతున్నాం.

అద్దం మాత్రం ప్లంబరు తన ఎత్తుకు తగ్గట్టు పెట్టేశాడు. అందులో మన అవ్వలకు నుదురు ఒక్కటే కనిపిస్తోందట. పిల్లవాడు ఎగిరింది కూడా అందుకే. శనివారం సాయంత్రం దాన్ని అడుగు కిందికి దించుతున్నాం. డ్రిల్లు మిషన్ ఉన్నవాళ్లు తీసుకురండి.