దాన్ని కామెడీ అనొద్దండి, దానికి వేరే పేరుంది

కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

మేము పెద్దతిప్పసముద్రం చుట్టుపక్కల తాండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చి మదనపల్లెలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. వచ్చినప్పటి నుంచి మేము ఎక్కువసార్లు విన్న మాట ఏ పాఠంలోనూ లేదు. "ఊరికే తమాషాకి అన్నాం లేప్పా, కామెడీని కామెడీగా తీసుకోవాల" అనేదే ఆ మాట. ఈ పోస్టు దాని మీదే.

నవ్వులాటకు తెలుగులో మాటలు తక్కువేం లేవు. సరసం, పరాచికం, వేళాకోళం ఉన్నాయి. ఎగతాళి, గేలి, వెక్కిరింత, ఎకసెక్కెం, హేళన కూడా ఉన్నాయి. అన్నీ ఒకటే అయితే పెద్దోళ్లు ఇన్ని మాటలు ఎందుకు పెట్టుకుంటారు? బావామరదళ్ల మధ్య జరిగేది పరాచికం. బావ ఒక మాటంటే మరదలు రెండంటుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. మా తాండాల్లో హోలీ పండగకు ఆడోళ్లు మొగోళ్లను పాటల్లోనే ఏకి పారేస్తారు. ఎవరూ అలగరు. ఎందుకంటే అక్కడ తిరిగి అనే హక్కు ఇద్దరికీ ఉంది. తిరిగి అనలేనోడిని అంటే అది హేళన. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు "కామెడీ" అనే ఒక్క మాట వచ్చి వీటన్నిటినీ కప్పేసింది. చేసినోడు "కామెడీ చేసినా" అంటాడు. పడినోడు "నన్ను కామెడీ చేసినారు" అని ఏడుస్తాడు. మాట ఒకటే, కానీ దెబ్బ తగిలింది ఒకరికే.

ఒక కాలేజీలో ఫ్రెషర్స్ డే నాడు జరిగింది చెప్తాం. ఒకడు అద్దాల పావడా కట్టి, చేతుల నిండా తెల్ల గాజులు వేసి, ముఖానికి మసి పూసుకొని స్టేజీ ఎక్కినాడు. "వాడు వచ్చింది, అది వచ్చినాడు" అంటూ తాండా తెలుగు మాట్లాడినాడు. హాలంతా ఈలలు. ఆ పావడాను మేము ఫేటియా అంటాం, రవికెను కాంచళి అంటాం. అద్దం అద్దం, గవ్వ గవ్వ చేత్తో కుట్టుకుంటూ మా అవ్వలు నెలల తరబడి కూర్చుంటారు. ఇక మసి ఎందుకో మాకు అర్థం కాలేదు. మా తాండాలో ఎవరూ మసి పూసుకోరు.

భాష సంగతి కూడా చూడండి. సుగాలీల గోర్ బోలీ రాజస్థానీ భాషలకు దగ్గర. ఎరుకల భాష తమిళానికి దగ్గర. మా అవ్వాతాతలకు తెలుగు రెండో భాష. బడికి పోకుండా, కూలి పనుల్లో, సంతల్లో చెవులతో నేర్చుకున్న భాష. ఇంగ్లీషులో తడబడేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? వాళ్ల రెండో భాషను ఎవరూ స్టేజీ ఎక్కించరు. మా తాత రెండో భాష మాత్రం నవ్వులాట అయింది.

ఇదే స్నేహితులు సినిమాలో ఫ్యాక్షన్ విలన్‌కు సీమ యాస పెడితే కోప్పడతారు. "మా యాసంటే అంత చులకనా?" అని స్టేటస్ పెడతారు. ఆ కోపం న్యాయమే. తెలంగాణ వాళ్లు కూడా తమ యాసను విలన్లకు, కమెడియన్లకు ఇచ్చినారని ఎన్నో ఏండ్లు బాధపడినారు. ఉద్యమంలో అదీ ఒక మాట అయింది. మీ యాసకు ఉన్న పరువు మా అవ్వ యాసకు ఎందుకు లేదో చెప్పండి.

"అట్లయితే ఎవరినీ అనుకరించకూడదా? కళే చచ్చిపోతుంది" అంటారు కొందరు. అనుకరణ గొప్ప కళ. నేరెళ్ల వేణుమాధవ్ గారికి దానికే 2001లో పద్మశ్రీ వచ్చింది. పల్లెల్లో పగటి వేషగాళ్లు సోమయాజులు, సోమిదేవమ్మ వేషం కట్టి పెద్ద కులాల ఆచారాలనే నవ్వుకు పెట్టినారు. పిట్టలదొర కట్టె తుపాకీ భుజాన పెట్టుకొని దొరతనాన్నే ఎక్కిరించినాడు. వాళ్ల నవ్వు కింది నుంచి పైకి పోయింది. స్టేజీ మీద మీరు చేసింది పై నుంచి కిందికి వచ్చింది. రెండింటినీ ఒకే గంపలో వేయొద్దు.

ఎరుకల తమ్ముళ్లకు పడేది ఇంకో రకం. రూములోకి వస్తానే "పర్సులు జాగ్రత్తరోయ్" అంటారు. ఈ జోకు వెనక చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కొన్ని జాతుల మీద ముద్ర వేసినారు. ఎరుకల వాళ్లను తెచ్చి స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది. చట్టం పోయినా జోకు మాత్రం ఇంకా మా రూముల్లో తిరుగుతా ఉంది.

"ఆ రోజు మీరూ నవ్వినారు కదా" అనేది వాళ్ల చివరి వాదం. రాత్రి అదే రూములో పడుకోవాల్సిన జూనియర్, పొద్దున అదే సీనియర్‌ను నోట్స్ అడగాల్సిన జూనియర్ నవ్వకుండా ఏం చేస్తాడు? ఆ నవ్వు ఒప్పుకోలు కాదు, తప్పించుకునే దారి.

చట్టం దీనికి కామెడీ అనే పేరు పెట్టలేదు. 1997 నాటి మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం విద్యార్థిని ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. యూజీసీ 2016లో కులం, జాతి, భాష, పుట్టిన ఊరు పేరుతో వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌లో చేర్చింది. 1989 నాటి అట్రాసిటీ చట్టంలో, పదిమంది ముందర ఎస్సీ, ఎస్టీలను కావాలని అవమానించడం నేరం.

మేము ఎవరినీ జైలుకు పంపాలని ఇది రాయలేదు. కాలేజీలను అడిగేది ఒకటే. స్కిట్లు స్టేజీ ఎక్కే ముందే చూడండి. "గిరిజన నృత్యం" పేరుతో మసి, ఆకులు వద్దు. మా ఆట కావాలంటే మమ్మల్నే పిలవండి, ఆడి చూపిస్తాం.

మన పిల్లోళ్లకు ఒక మాట. ఈసారి ఎవరన్నా "కామెడీ లేప్పా" అంటే, "నేను నిన్ను ఇట్లే అంటే ఊరుకుంటావా అన్నా?" అని అందరి ముందర అడగండి. ఒక్కరే అడగొద్దు, నలుగురు కలిసి అడగండి. అయినా ఆగకపోతే యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది, డబ్బులు పడవు. నంబరు ఫోన్లో పెట్టుకోండి. మీ హాస్టల్లో ఏం జరుగుతా ఉందో కింద రాయండి. పేర్లు రాయొద్దు, జరిగింది రాయండి.