అడగకుండా చేసిన మేలు

డేనియల్ స్వారెజ్ రాసిన ‘డేమన్’ చదివి హడలిపోయిన పాఠకుడే, దాని రెండో భాగం ‘ఫ్రీడమ్’ చదివేసరికి తనను భయపెట్టిన భూతానికే దండం పెడుతున్నాడు. ఈ రెండు నవలల మీద అభిమానులు చెప్పుకునే మాటల్లో నన్ను కలవరపెట్టింది ఈ మార్పే.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. మాథ్యూ సోబోల్ వీడియో గేములు తయారుచేసే మేధావి. మెదడు క్యాన్సర్‌తో చనిపోతాడు. ఆ మరణవార్త బయటికి రాగానే అతను ముందే రాసిపెట్టిన డేమన్ అనే ప్రోగ్రామ్ మేలుకుంటుంది. మనుషుల్ని చంపుతుంది. కంపెనీల కంప్యూటర్లలో దూరి వాటిని లొంగదీసుకుంటుంది. తనకంటూ ఒక దండును కూడగడుతుంది. కంప్యూటర్ వ్యవస్థల సలహాదారుగా పనిచేసిన స్వారెజ్ 2006లో ఈ నవలను సొంతంగా ప్రచురించుకున్నాడు. కంప్యూటర్ రంగంలోని వాళ్లు ఒకరికొకరు చెప్పుకుని చదివారు. 2009లో డటన్ సంస్థ దాన్ని మళ్లీ వేసింది, 2010లో ‘ఫ్రీడమ్’ తెచ్చింది.

ఆ రెండో భాగంలో అదే ప్రోగ్రామ్ అండతో చిన్న ఊళ్లు తమ తిండి తామే పండించుకుంటాయి, తమ కరెంటు తామే తయారుచేసుకుంటాయి. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటే ఎదుటివాడి తల మీద నక్షత్రాలు కనిపిస్తాయి. తోటివాళ్లు అతనికి ఇచ్చిన మార్కులవి. విత్తనాల పేటెంటు దావాలో చిక్కుకుని పొలం పోగొట్టుకునే స్థితికి వచ్చిన అయోవా రైతుకు కొత్త దారి దొరుకుతుంది.

ఉత్కంఠ తగ్గి ఉపన్యాసం పెరిగిందని కొందరు పాఠకులు విసుక్కున్నారు. అసలు పుస్తకం ఇదేనని మరికొందరు నెత్తికెత్తుకున్నారు. ఉపన్యాసం ఉన్న మాట నిజమే. పాత్రలు కథ ఆపి ఆర్థికశాస్త్రం చెప్పుకునే పేజీలున్నాయి. నేను వాటిని తప్పుపట్టను. లోకం కూలిపోతుందని భయపెట్టడం థ్రిల్లర్‌కు తేలిక. కూలాక మనుషులు ఏం పండించుకుని ఎలా బతకాలో ఊహించడం చాలా కష్టం. స్వారెజ్ ఆ బరువు తలకెత్తుకున్నాడు.

నా పేచీ మెచ్చుకున్నవాళ్లతో. మొదటి భాగంలో వాళ్లను వణికించింది ఏమిటి? ఎవరూ ఎన్నుకోని, ఎవరికీ జవాబు చెప్పని ఒక యంత్రం పెత్తనం. రెండో భాగంలో ఆ పెత్తనం ఏమీ తగ్గలేదు. కత్తులు బిగించుకుని, నడిపేవాడు లేకుండా దూసుకొచ్చే మోటారు సైకిళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మారిందల్లా, దాని వల్ల మనకు నచ్చిన మనుషులు బాగుపడటం. అంత మాత్రానికే మన భయం తీరిపోయిందా? మానవజాతికి స్వేచ్ఛ ఎందుకు ఉండాలో రుజువు చేయమని సోబోల్ సెబెక్ అనే ఒకే ఒక్క పోలీసు డిటెక్టివ్ మీద భారం మోపుతాడు. స్వేచ్ఛ ఉండాలా అన్నదే పరీక్షకు పెట్టే హక్కు చనిపోయిన ఆ మనిషికి ఎవరిచ్చారు?

విత్తనాల సంగతే తీసుకుందాం, అది మన పొలాలకూ తెలిసిన బాధ కనుక. ‘డేమన్’ తొలిసారి వెలువడిన 2006లోనే బీటీ పత్తి విత్తనాల ధర మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, గుత్త వ్యాపారాన్ని అదుపు చేసే ఎం.ఆర్.టి.పి. కమిషన్ దగ్గరికి వెళ్లింది. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్టు 750కి దిగింది. అంతకుముందే, 2001లో, పార్లమెంటు చేసిన చట్టం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకునే హక్కును, ఇరుగుపొరుగుకు ఇచ్చుకునే హక్కును రాతపూర్వకంగా గుర్తించింది. వీటితో రైతు కష్టాలు తీరిపోలేదు. అయినా ఇవి నలుగురిలో వాదించి సాధించుకున్నవి. చాలకపోతే మళ్లీ వాదించవచ్చు, మార్చమని అడగవచ్చు. సోబోల్‌ను అడగడానికి అతను బతికి లేడు.

అతనికి ఆ హక్కు ఎవరిచ్చారని అడిగే మనిషి నవలలో ఉంది. నటాలీ ఫిలిప్స్, అమెరికా భద్రతా సంస్థలో సంకేతాలు విప్పే నిపుణురాలు. డేమన్ ఏం చేసిపెట్టినా ఆమె అనుమానం వదలదు. నేను విన్న పొగడ్తల్లో ఆమె పేరు రాలేదు. ఆమెను అడ్డుగా కాక మనిషిగా చదివినప్పుడే ఈ నవల పూర్తిగా అందుతుందని నా నమ్మకం.

మా పాఠకుల్లో హైదరాబాద్, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు. అదే ఊళ్లలో కస్టమర్లు ఇచ్చే నక్షత్రాల మీద బతుకు బండి లాగే డెలివరీ కుర్రాళ్లూ ఉన్నారు. ఆ నక్షత్రాల లెక్క రాసినవాళ్లు, ఆ లెక్కకు లోబడినవాళ్లు ఇద్దరూ ‘ఫ్రీడమ్’ను ఒకేలా చదవలేరు. ఇద్దరి ఉత్తరాలూ మాకు కావాలి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచుతున్నాం.